బుద్రమ్మ నోట్లో నేను కనిపెట్టిన కొత్త కణం

మీరంతా నన్ను డాక్టరుగారూ డాక్టరుగారూ అంటున్నారు గానీ, మొన్న అరకు కొండల్లో ఏం వెలగబెట్టి వచ్చానో తెలిస్తే ఆ 'గారు' కాస్తా ఎగిరిపోతుంది. ఓ ముసలామెకి లేని రోగం అంటగట్టాను. అదే రోగం నాకూ అంటగట్టుకున్నాను. ఆనక ఊరందరి ముందూ పరువు తీసుకుని కొండ దిగాను. నవ్వకండి, వినండి!

మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ సద్దుమణిగి ఎన్నాళ్లో కాలేదు కదా, సర్కారు మనిషంటే అక్కడివాళ్లకి ఇంకా దడే. ఇక మా ఆసుపత్రి అంటారా, రెండు గదుల పూరిల్లు. అందులో నేను, నౌకరు అప్పలస్వామి, కాస్త క్వినైను. దానికి తోడు ఆ నెలలో మైక్రోస్కోపు దిగింది! ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బండి కుదుపులకి పగిలిపోతుందని డోలీలో మోయించాను. ఊళ్లోవాళ్లు ఎవరో పెద్ద దొర వస్తున్నాడని దారికి అడ్డం తొలిగి నిలబడ్డారట.

చదువుకునే రోజుల నుంచీ నాకో పిచ్చి. ఒంట్లో ఏ కణం ఎలా ఉంటుందో నోటుబుక్కులో రాసి బట్టీ పట్టేవాణ్ణి. ఎర్రకణం గుండ్రంగా, నడుమ నొక్కుకుపోయి ఉంటుంది. నాడీకణానికి పొడుగాటి తోక. నోటి లోపలి పొర కణాలు చదునుగా, నాపరాళ్లు పరిచినట్టుంటాయి. వీటిలో దేనికీ పొసగనిది కనపడిందా, అది రోగమే. వైద్యం ఇంత తేలికైతే జనం ఇన్ని కష్టాలెందుకు పడుతున్నారో అనుకునేవాణ్ణి.

సంత రోజు పొద్దున్నే బుద్రమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ కొండమీద పోడు తానే కొట్టుకుంటుంది. "అంగిట్లో మంట బాబూ" అంది. ఉండదూ మరి? ఆవిడ తాగేది అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది! నోరు తెరవమని దగ్గరికి వంగి చూశాను. అంగిట్లో తెల్లటి మచ్చ. మెల్లిగా గీకి, స్లైడు మీద పూసి, నీలిరంగు వేసి, అద్దం ఎండకి తిప్పి చూద్దును కదా... నా గుండె ఝల్లుమంది.

నాపరాళ్లు ఉన్నాయి. కానీ వాటి మధ్య చిన్న చిన్న కోడిగుడ్ల లాంటివి బోలెడు! ఒక్కో గుడ్డు పక్కనుంచి పిల్లగుడ్డు మొలుచుకొస్తోంది. నోటుబుక్కు తిరగేశాను. లేదు. లావుపాటి పుస్తకం తిరగేశాను. అందులోనూ లేదు. అంటే ఏమిటి? ఇంతవరకూ ఎవరూ చూడని కణం! సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. దానికి నిర్వచనం రాశాను. నా ఇంటిపేరే దానికి పెట్టేశాను కూడా.

ఆ తరవాత వాకిట్లోకి వచ్చి గంభీరంగా ప్రకటించాను. "కిందకి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అంగిలి కొయ్యాలి."

బుద్రమ్మ కొడుకు సుక్రు అక్కడే కూలబడ్డాడు. "కిందకి తీస్కెల్లినోల్లు తిరిగొచ్చింది నేను సూడలేదు బాబూ" అన్నాడు. బుద్రమ్మ మాత్రం ఏడవలేదు. ఇంటికెళ్లి కోడిపెట్టని కోడలికి అప్పగించింది. విత్తనాల బుర్ర ఏ మూల ఉందో చూపించింది. సుక్రు డోలీ కట్టడానికి వెదురు నరకడం మొదలెట్టాడు. ఆ చప్పుడు ఆసుపత్రి దాకా వినపడుతూనే ఉంది. నాకు మాత్రం రిపోర్టు ధ్యాసే.

రిపోర్టుకి పోలిక కావాలి కదా. ఆరోగ్యవంతుడి నోరొకటి చూసి పక్కన బొమ్మ గియ్యాలి. ఈ చుట్టుపక్కల నాకన్నా ఆరోగ్యవంతుడెవడు? నా బుగ్గ లోపల నేనే గీక్కున్నాను. మైక్రోస్కోపుకి కన్ను ఆనించాను.

గుడ్లు! పిల్లగుడ్లతో సహా!

చెమటలు పట్టేశాయి. ఇందాకటి సంతోషం ఏమైందో తెలీదు. మా ఆవిడకి ఉత్తరం మొదలెట్టాను. "నేను ఇక ఎన్నాళ్లో..." అని రాసి ఆగిపోయాను. ధైర్యం కోసం మంచం కింద ఉన్న ఆనపకాయ బుర్ర అందుకున్నాను. అందులో ఏముందంటారా? జీలుగు కల్లు. రోజూ పొద్దున్నే దించగానే అప్పలస్వామి తెచ్చిపెడతాడు. మనలో మాట, దాన్ని మేమిద్దరం దగ్గుమందు అంటాం. సంతసంతకీ కల్లు మానండర్రా అని వాళ్లకి ఉపన్యాసం ఇచ్చేది నేనే కదా మరి!

బుర్ర నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకో అనుమానమొచ్చి ఓ చుక్క స్లైడు మీద వేశాను. చూస్తే కోట్లకి కోట్లు గుడ్లు. పులిసే కల్లులో పొంగు తెచ్చే ఈస్టు పురుగు! అది మనిషి కణమే కాదు. అప్పలస్వామిని కేకేశాను.

"బుద్రమ్మ పొద్దున్న కల్లు తాగిందేట్రా?"

"ఈ కొండ మీద తాగనిదెవలు బాబూ?" అని వాడు నావైపు చూసి, మర్యాదకి తల దించుకున్నాడు.

వెదురు చప్పుడు ఆగిపోయింది. డోలీ సిద్ధమైపోయిందన్నమాట. నోరు కడిగించి మళ్లీ చూస్తానని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఒక్కసారి సర్కారు అంగిలి కొయ్యాలన్నాక, ఎందుకొద్దో చెప్పకపోతే వాళ్లు నమ్ముతారా? అసలు సంగతి దాచిపెట్టి, ఎప్పుడో వచ్చి ఆవిణ్ణి ఎత్తుకుపోతారనుకుంటారు. పరిగెత్తాను. డోలీ చుట్టూ ఊరంతా ఉంది. బుద్రమ్మ కొత్త కోక కట్టుకుని అందులో కూర్చునుంది. ఆ కోక చూస్తే నా మీద నాకే అసహ్యమేసింది.

"దిగు బుద్రమ్మా! నీకే రోగమూ లేదు. నేను చూసింది కల్లు. నా నోట్లోనూ అదే ఉంది. నేనూ రోజూ తాగుతాను" అనేశాను.

తెల్లమచ్చ మాత్రం నిజమేననీ, నాగలి పట్టిన అరచెయ్యి కాయగాసినట్టు నిప్పు సెగకి అంగిలి కాయగాసిందనీ, చుట్ట తిప్పి తాగమనీ, వీలైతే మానెయ్యమనీ గబగబా చెప్పాను. బుద్రమ్మ డోలీలోంచి దిగింది. కోక దులుపుకుంది. నావైపు జాలిగా చూసింది.

"దీనికి అన్ని గాజు సామాన్లెందుకు బాబూ? పొద్దున్న నా నోట్లోకి తొంగి సూసినప్పుడే నీ నోరు గుప్పుమన్నాది. నేనేటైనా అన్నానా?"

సుక్రు ముందు నవ్వాడు. తరవాత ఊరంతా నవ్వింది. ఆఖరికి నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

చుట్ట ఆవిడ తిప్పిందో లేదో ఇంకా తేలలేదు. నేను మాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ రోగిని నోరు తెరవమన్నా, ముందు నా నోరు మూసుకుంటున్నాను.