చింతాద్రిపేట బంతిలో ప్రచ్ఛన్నయుద్ధం

ప్రచ్ఛన్నయుద్ధం మళ్ళీ వస్తుందా అని అడిగితే పేపర్లు చదివేవాళ్ళు ఎన్నో కారణాలు చూపించి వస్తుందనో రాదనో చెబుతారు. తొంభైల్లో మద్రాసులో కూర్చుని, అది మళ్ళీ రావాలని మనసారా కోరుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయివుంటాను. నాకు రాజకీయాలతో పనిలేదు. నా బాధంతా మా షడ్డకుడి గురించి. అంటే నా భార్య చెల్లెలి మొగుడు.

అతను రాకముందు నా వైభవం ఎలాంటిదో చెప్పాలి. మద్రాసులోనే చూలై అనే పేటలో తోలు సంచులూ, బూట్ల పైభాగాలూ కుట్టించి రష్యాకు పంపే చిన్న కంపెనీలో నేను గుమాస్తాని. ఉద్యోగం గుమాస్తాదే అయినా, సాయంత్రం క్లాసులకు పోయి రష్యన్ నేర్చుకున్నాను. మాస్కో నుంచి సరుకు చూడ్డానికి అధికారులు వచ్చిన రోజున మా ముతలాళి, అంటే కంపెనీ యజమాని, తన కుర్చీ పక్కన నాకు కుర్చీ వేయించేవాడు. నేను నోరు తెరిస్తేనే ఆ గదిలో ఒకరి మాట ఇంకొకరికి చేరేది.

మా మామగారిది చింతాద్రిపేట. కుంఫిణీ రోజుల్లోనే వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అందరికీ ఆ ఇంట్లోనే. ఆకులు పరిచి కూర్చోగానే ఆయన నావైపు తిరిగి, "అల్లుడూ, మీవాళ్ళు ఏమంటా ఉండారు?" అని అడిగేవాడు. మీవాళ్ళంటే మాస్కోవాళ్ళు. వాళ్ళెప్పుడూ నన్ను సంప్రదించిన పాపాన పోలేదుగానీ, నేను గొంతు సవరించుకుని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మా అత్తగారికి ఒక అలవాటు. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి, నేతి గిన్నె మొదట ఆ ఆకు దగ్గరికి తెచ్చేది. ఆ మొదటి నెయ్యి నాది.

ఆ తర్వాత ఆ దేశం ముక్కలైంది. చూలైకి ఆర్డర్లు ఆగిపోయాయి. నేను ఊళ్ళోనే ప్యారిస్ కార్నర్ దుకాణాలకు పోయే సంచులకు బిల్లులు రాసుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మా మరదలి పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు మౌంట్ రోడ్డులో అమెరికా కంప్యూటర్ కంపెనీలో ఇంజనీరు.

పెళ్ళయ్యాక వచ్చిన ఆదివారం నాకు ఇప్పటికీ గుర్తే. బంతిలో నేను, నా పక్కన అతను, ఎదురుగా మామ. "అల్లుడూ, మీవాళ్ళు ఏమంటా ఉండారు?" అన్నాడు మామ. నేను గొంతు సవరించుకున్నాను. తీరా చూస్తే ఆయన చూపు నా మీద లేదు. నేతి గిన్నె నన్ను దాటిపోయి అతని ఆకు మీద వంగింది. నాకు తల కొట్టేసినట్టయింది. పప్పన్నం అలాగే ఎండుగా కలుపుకున్నాను.

అప్పటినుంచి అతనిలో ఏది చూసినా నా ఒళ్ళు మండేది. నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, గుమ్మం ముందు కారు. పోనీ పొగరున్నవాడా అంటే, అదీ లేదు. నోరు తెరిస్తే "అన్నా" అంటాడు. మా అత్తగారికి కళ్ళజోడు మార్పించింది అతను. మా అమ్మాయికి లెక్కలు చెప్పిందీ అతనే. చెడ్డవాడైవుంటే నాకెంత హాయిగా ఉండేదో. నలుగురితో కలిసి నాలుగు మాటలనుకునేవాణ్ణి. మంచివాడి మీద కడుపుమంటను ఎవరితో చెప్పుకోవాలి?

మామ అప్పుడప్పుడూ ఒక ప్రశ్న వేసేవాడు. "మళ్ళీ వస్తుందంటారా, ఆ రెండు పెద్ద దేశాల తగాదా?"

"ఎందుకొస్తుంది మామా? ఇప్పుడు ఆడ కూడా అంతా వ్యాపారమే గదా. అమ్మేవాడు కొనేవాడితో కొట్లాడడు," అనేవాడు షడ్డకుడు.

"వస్తుంది," అనేవాణ్ణి నేను. ఎందుకొస్తుందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రావాలంతే. వస్తే రష్యన్ తెలిసినవాడి అవసరం వస్తుంది. ఆదివారం బంతిలో చూపు ఇటు తిరుగుతుంది. నేతి గిన్నె కూడా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ చురక అంటించేది. "ఏంది, రెండు దేశాలు కొట్టుకుంటేగానీ మీకు తిన్న అన్నం అరగదా? తమ్ముడట్లాంటోడు. ఆయన మీద ఏంటికి మీకీ కడుపుమంట?"

"కడుపుమంట ఎవరికి? లోకం తీరు చెప్తా ఉండా," అని కిటికీలోంచి కూవం ఏటి మురుగు వైపు చూసేవాణ్ణి. ఆ కంపు కూడా ఆమె ప్రశ్నకంటే నయమనిపించేది.

మనవాళ్ళు అణుపరీక్షలు చేసిన ఎండాకాలంలో అమెరికా మండిపడి ఆంక్షలు పెట్టింది. చూలైలో కుట్టుపనివాళ్ళందరికీ నేను టీ తెప్పించాను. దేశభక్తి అనుకున్నారు పాపం. ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగానే పోయి కూర్చున్నాను. "చూసినారా మామా, మళ్ళీ జట్లు కడతా ఉండారు," అని నేనే మొదలుపెట్టాను. మామ తలూపి, అతనివైపు తిరిగి, "మీవాళ్ళకు బాగా కోపం వచ్చినట్టుందే?" అన్నాడు. కోపంలో కూడా అతని వాళ్ళ కోపానికే విలువ. నావాళ్ళు కోప్పడినా పట్టించుకునే నాథుడు లేడు.

ఆ వానాకాలంలోనే చూలైకి ఒక రష్యన్ వచ్చాడు. వెనకటి రోజుల్లో అధికారిగా వచ్చినవాడే. ఇప్పుడు సొంతంగా మాస్కోలో సంచుల దుకాణం పెట్టుకున్నాడట. ముతలాళి నన్ను పిలిపించాడు. ఆ రష్యన్ నన్ను గుర్తుపట్టి కావలించుకున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆదివారం భోజనానికి మా మామగారింటికి రమ్మన్నాను, వస్తానన్నాడు. వారమంతా ఆ మాట చెప్పుకుని తిరిగాను. బంతిలో అందరూ నా నోటికేసి చూస్తారు, షడ్డకుడు కూడా ఏం చెప్పాడన్నా అని నన్నే అడగాలి. అది తలుచుకుంటే నిద్ర కూడా తీయగా పట్టింది.

ఆదివారం వచ్చింది. అత్తగారు గుత్తివంకాయ చేసింది. అతిథి ఎలాగో కాళ్ళు మడిచి నేల మీద కూర్చున్నాడు. నేను పొద్దున్నుంచీ వల్లించుకున్న రష్యన్ వాక్యం మొదలుపెట్టేలోపే ఆయన షడ్డకుడి వైపు తిరిగి, "మీరు కంప్యూటర్ కంపెనీలోనా?" అన్నాడు, ఇంగ్లీషులో. శుభ్రమైన ఇంగ్లీషు. దుకాణం పెట్టాక నేర్చుకున్నాడట. ఇంక చూడండి, పప్పు అయిపోయేదాకా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మామ మధ్యలో కలిసి నవ్వుతున్నాడు. పిలిచింది నేను, తీసుకొచ్చింది నేను, ఆకు ముందు మూగవాడిలా కూర్చున్నదీ నేనే. నా అతిథిని కూడా అతను లాగేసుకున్నాడని నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మామ తన పాత ప్రశ్న వేశాడు. మీకూ అమెరికాకూ ఆ పాత యుద్ధం మళ్ళీ వస్తుందంటారా అని.

అతిథి తినడం ఆపాడు. నావైపు తిరిగి రష్యన్‌లో, "ఇది నా భాషలోనే చెప్పాలి. నువ్వు వీళ్ళకు చెప్పు," అన్నాడు. నేను వెన్ను నిటారుగా పెట్టుకున్నాను. ఆయన చెబుతూ పోయాడు. నేను ఒక్కొక్క ముక్కే తెలుగులో చెబుతూ వచ్చాను.

"నా భార్య చెల్లెలి మొగుడు ఒకడున్నాడు. ఒకప్పుడు ఇద్దరివీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి జీతాలు. ఎప్పుడు కలిసినా మా ఇద్దరికీ పోట్లాటే. ఇప్పుడతను విదేశీ కారు కొన్నాడు. ఇప్పుడు మాకు పోట్లాట లేదు. విందులో అందరూ అతనితోనే మాట్లాడతారు. నేను నా పళ్ళెంలోకి చూసుకుని తింటాను. యుద్ధానికి ఇద్దరు సమానులు కావాలి. మేమిప్పుడు సమానం కాదు, కాబట్టి మాకున్నది అసూయ ఒక్కటే. కానీ అసూయపడేవాడు ఊరికే కూర్చోడు. ఎప్పటికో నేనూ కారు కొంటాను. ఆరోజు మళ్ళీ మొదలవుతుంది. దేశాలకైనా అంతే."

చెప్పడం ముగించి తలెత్తి చూశాను. ఎవరూ తినడం లేదు. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. మరదలు గబగబా వంటింట్లోకి పోయింది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆ మాటలు ఆయనవి అని ఆ బంతిలో ఒక్కరూ నమ్మలేదు. అతిథి నోట పెట్టి నా ఏడుపు నేనే ఏడ్చాననుకున్నారు. షడ్డకుళ్ళూ, వాళ్ళ లోలోపలి మంటలూ మనకేగానీ, దొరల ఇళ్ళల్లో ఎందుకుంటాయని వాళ్ళ నమ్మకం.

షడ్డకుడు అతిథిని ఏదో అడగబోయాడు. మామ ఎదురుగా ఎడమచెయ్యి ఎత్తి అతన్ని ఆపాడు. నన్ను నలుగురిలో పట్టివ్వడం ఆయనకు ఇష్టం లేకపోయింది. "వాళ్ళ ఇండ్లల్లో కూడా ఇట్లాంటివి ఉంటాయా అల్లుడూ?" అని మెల్లగా అడిగాడు.

"ఉంటాయి మామా. ఆయనే చెప్పినాడు."

"సరే, సరే. తినండి," అన్నాడు, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు.

ఇంకోసారి ఇంగ్లీషులో చెప్పండి అని అతిథిని అడిగితే సరిపోయేది. ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ నా రష్యన్‌కు ఆ ఇంట్లో, అతని ముందర, ఇంగ్లీషు వచ్చి సాక్ష్యం చెప్పాలా? చచ్చినా అడగదలుచుకోలేదు. అతిథికి ఇదేమీ తెలియదు. కారానికి చెమటలు తుడుచుకుంటూ ఇంకొంచెం చారు వేయించుకున్నాడు.

అత్తగారు చారన్నంలోకి నేతి గిన్నె తెచ్చింది. ఈసారి మామ ఎవరివైపూ చూడటం లేదు కాబట్టి ఎటు పోవాలో తెలియక ఆగింది. అలవాటుగా షడ్డకుడి ఆకు మీద వంగబోతే అతను ఆకుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ముందు అన్నకు వెయ్యండి అత్తా," అన్నాడు.

ఎన్నాళ్ళకో మొదటి నెయ్యి నా ఆకులో పడింది. తలెత్తకుండా కలుపుకుని తిన్నాను.