రాతిమీద ముగ్గుపిండి

మా సోషల్ సారు చనిపోయి నేటికి పదకొండు రోజులు. దుఃఖం కాస్త తగ్గాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను. కానీ మొన్న పొద్దున, ఆయన మాకు చదివి చెప్పిన శాసనం రాయి చుట్టూ మోకాలిలోతు గుంత కనిపించింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నాకు భయంగా ఉంది.

ఆ రాయి కోడుమూరు అవతల, మా ఊరి పడమటి చేలల్లో ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు; కింద అరిగిపోయిన అక్షరాలు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సారు మమ్మల్ని అక్కడికి నడిపించుకుపోయారు. సంచిలోంచి ముగ్గుపిండి తీసి రాతికి పూసి, అరచేత్తో తుడిచారు. పిండి గాట్లలో నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. కలుపు తీస్తున్న ఆడవాళ్లు నవ్వారు.

"ఏం సారూ, ఇంటి ముందర చాలక ఈడ గూడా ముగ్గేస్తాండారా?"

"ఇది రాజుగారి వాకిలమ్మా. కావాలంటే రేపట్నుంచి మీకే అప్పజెప్తా."

రాజు మా ఊరిని గుడికి రాసిచ్చాడట. ఎవరి వీధి ఎటు ఉండాలో, ఎవరు గుడికి ఏం చేయాలో అందులో ఉంది. కుమ్మరులు పడమటి కొసన ఉండాలి, ఏటా గుడికి కొత్త కుండలు ఊరికే ఇవ్వాలి. మేమూ కుమ్మరులమే. మా ఇల్లు పడమటి కొసనే. మా అవ్వ ఇప్పటికీ ఏటా కొత్త కుండలు గుడిమెట్ల మీద పెట్టి వస్తుంది. ఎందుకని అడిగితే "మనం ఇయ్యల్ల, అంతే" అంటుంది.

ఆ సాయంత్రం సంగతంతా అవ్వకు చెప్పాను.

"అయితే ఆ రాజు సచ్చిన సంగతి మనకెవురూ చెప్పలేదేమే?" అంది అవ్వ.

ఆ మాట నేను చెబితే సారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. తరువాత ప్రతి ఏడూ ఆ పాఠంలో మా అవ్వ మాట చెప్పేవారట.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. ఆదివారాలు సారు నాకు ఆ పాత అక్షరాలు నేర్పారు. శాసనం చివర శాపం ఉంది: దీన్ని చెరిపినవాడు గోవును చంపిన పాపాన పోతాడని. "రాజు ఎల్లకాలం కాపలా ఉండలేడు గదా పాపా. అందుకని భయాన్ని కాపలా పెట్టి పోయినాడు" అన్నారు.

చదవడం అయ్యాక సారు తడిగుడ్డతో పిండంతా తుడిచేవారు. ఎన్నడూ మరిచింది లేదు. చివరిసారి ఆయనకు ఆయాసంగా ఉండి గుడ్డ నా చేతికిచ్చారు. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయని నేను తుడవలేదు. మర్నాటికల్లా ఊళ్లో పుకారు: ఎవరో నిధికి పూజ చేశారని.

సారు పోయిన వారానికి కోడుమూరు బస్టాండులో ఎవరో ఒకతను నా పక్కకు వచ్చాడు.

"ఏం పాపా, సారు నీకే చదివేది నేర్పినాడంట గదా. నిధి యాడ ఉండాది?"

"నిధి ల్యాదన్నా. ఊళ్లో ఎవురు ఏం చేయల్లనో రాసిండాది."

"నిధి ల్యాకపోతే శాపం యాల పెడతారు?" నవ్వాడు. "అమావాస్యకు తవ్వుతాం. నువ్వూ రా, చదువుదువు."

అమావాస్య దాకా కూడా ఆగలేదు, రెండ్రోజులకే రాయి చుట్టూ ఆ గుంత పడింది. రాజు కాపలా పెట్టిన భయమే ఇప్పుడు గడ్డపారలను పిలుస్తోంది. మండలాఫీసులో అర్జీ ఇచ్చాను. నా ఒక్క సంతకంతో ఏమవుతుందని నాన్న అంటున్నాడు.

సారు దగ్గర చదువుకున్న అక్కలారా, అన్నలారా, ఆ రాయి దగ్గర నాతో నిలబడేవాళ్లు అమావాస్యకు ముందొచ్చే సోమవారం లోపల ఈ పత్రికకు జవాబు రాయండి. తడిగుడ్డ నా దగ్గరే ఉంది. సూర్యచంద్రుల కింద పిండి ఇంకా తెల్లగానే కనిపిస్తోంది. తుడవడానికి ఒక్కదాన్నే పోలేకపోతున్నాను.