యాజులు పరీక్షా, దేవుడమ్మ రోలూ

నర్సీపట్నంలో చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. చదువు దంచుకున్నవాడు మాత్రం మా యాజులు ఒక్కడే.

నేను నాలుగో ఫారంలోనే బడికి ఒక నమస్కారం పెట్టి బయటికొచ్చినవాణ్ణి. నాకంటే ముందు బడే నాకు పెట్టిందని గిట్టనివాళ్ళు అంటారు. అయినా మా వీధిలో మొట్టమొదట సర్కారు కొలువు సంపాదించినవాడి వెనక ఉన్నది నా చెయ్యే. మాటవరసకు చెప్పడం లేదు. అరచేతుల్లో కాయలు ఇంకా ఉన్నాయి. అనుమానమున్నవాళ్ళు వచ్చి తడిమి చూసుకోవచ్చు.

యాజులు మా పక్కింటివాడు. మనిషి ఎండబెట్టిన మునక్కాడలా ఉండేవాడు. గాలివాన వస్తే వాళ్ళమ్మ వర్ధనమ్మగారు ముందు దండెం మీది చీరలు తీసి, తరవాత కొడుకును లోపలికి లాక్కునేవారు. పులినైనా పలకరించేవాడు గాని కందిరీగ పేరెత్తితే మంచం కిందికి దూరేవాడు. చిన్నప్పుడు ఒకటి ముక్కు మీద కుట్టింది. ఆ ముక్కు ఎంత వాచిందంటే, గుమ్మంలో పట్టక, వాపు తీసేదాకా కుర్రవాడు వీధరుగు మీదే పడుకున్నాడు. ముక్కు నీడన మా కుక్క కూడా పడుకుంది.

అలాంటివాడికి మేనమామ బెల్లం వర్తకుడు కావడం దేవుడి పరాచికం. రామచంద్రమూర్తిగారికి పాయకరావుపేటలో పెద్ద బెల్లం కొట్టు. యాజులు తండ్రి పోయాక ఈ ఇంటి బరువు ఆయనే మోస్తున్నారు. మేనల్లుడు సర్కారు కచేరీ గుమాస్తాల పోటీ పరీక్ష రాస్తానంటే ఆయన కాదనలేదు. గడువు మాత్రం పెట్టారు.

"రెండుసార్లు రాయి. రెండోసారీ తప్పావో, వయసూ దాటిపోతుంది, నా ఓపికా దాటిపోతుంది. తిన్నగా వచ్చి నా కొట్లో కూర్చో. బెల్లం తూచడానికి పోటీ పరీక్ష లేదు" అన్నారు.

బెల్లం కొట్టంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? దిమ్మకొక కందిరీగల దండు. యాజులు ఆ మాట విన్న పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి చదువు మొదలుపెట్టాడు.

వాళ్ళ పెరటి పక్కనే దేవుడమ్మ పాక. వీధి వీధంతటికీ వడ్లు దంచిపెట్టేది ఆవిడే. రోకలి ఎత్తితే కిందికి దిగేటప్పుడు నేల ఉలిక్కిపడేది. ఆ చప్పుడుకు అవతల ఎస్. రాయవరంలో కొబ్బరికాయలు రాలేవని నేను చెబితే నమ్మనివాళ్ళున్నారు. వాళ్ళకు కొబ్బరిచెట్లు లేవు, అదీ సంగతి. యాజులు పెరటి వసారాలో బాసింపట్టు వేసుక్కూర్చుని గొంతెత్తి బట్టీ పట్టేవాడు. తెల్లారి దేవుడమ్మ మొదటి పోటు వేస్తే వాడు మొదటి మాట అనేవాడు. అక్బరు, ధబ్. పాదుషా, ధబ్. పదిహేనువందల, ధబ్. యాభైయారు, ధబ్. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి చాలించేవారు. చరిత్ర, భూగోళం, లెక్కలు, వ్యాసాలు, సర్కారు చట్టాలు అన్నీ ఆ రోట్లోనే నలిగాయి.

దేవుడమ్మ ఒకనాడు నాతో మొర పెట్టుకుంది.

"మన్మథబాబూ, ఆ అకుబరెవులో గాని నా రోట్లోనే పుట్నాడు, నా రోట్లోనే సచ్చినాడు. మళ్ళీ తెల్లారీసరికి లేసి కూకుంటన్నాడు. ఆడికేటి పని లేదా?"

"ఆయన పాదుషా, దేవుడమ్మా. పని ఉండదు."

"అయితే ఒచ్చి ఒక పోటు ఎయ్యమను!"

మొదటిసారి పరీక్షకు యాజులు ఒక్కడే విశాఖపట్నం వెళ్ళాడు. ఊరంతా వాడిదే మొదటి స్థానమనుకుంది. వాడు తిరిగొచ్చి అరుగు మీద కూలబడి చెప్పిన సంగతి ఇది. పరీక్ష హాలు నిశ్శబ్దంగా ఉంది. ఈగ కూడా చెప్పులు విప్పి లోపలికొచ్చినట్టుంది. ప్రశ్నలన్నీ తెలిసినవే. కలం పట్టుకుంటే ఒక్క మాటా రాదు. బుర్ర తాళం వేసిన గాదెలా ఉంది. ఇంతలో గోడగడియారం పది కొట్టింది. ఠంగుమన్నకొద్దీ ఒక మాట రాలింది. పది మాటలు రాసుకున్నాడు. మళ్ళీ గాదెకు తాళం. పదకొండు గంటలకు పదకొండు మాటలు. పన్నెండుకు వాక్యం పూర్తవుతుందని ఆశపడ్డాడు. ఈలోగా కాగితాలు లాక్కున్నారు.

పాయకరావుపేట నుంచి మేనమామగారు కబురు పెట్టారు: "ఒకటి అయింది. కొట్లో నీ పీట సిద్ధంగా ఉంది."

వర్ధనమ్మగారు దిష్టి అన్నారు. జాతకాలు చూసే ఆచారిగారు శని అన్నారు. అసలు రోగం పట్టుకున్నది నేను. ఇంగ్లీషు మందిచ్చే డాక్టర్లకు ఇలాంటివి తట్టవు.

యాజుల్ని వసారాలో కూర్చోబెట్టి, "అక్బరు ఎప్పుడు గద్దెనెక్కాడురా?" అన్నాను. గుడ్లప్పగించి చూశాడు. "దేవుడమ్మా, ఒక్క నాలుగు పోట్లు వెయ్యి" అని కేకేశాను. ఆవిడ రోకలి ఎత్తిందో లేదో, అక్బరు గద్దెనెక్కాడు, యుద్ధాలు చేశాడు, పన్నులు వేశాడు. సరిగ్గా ఆయన పోయే సమయానికి దేవుడమ్మ చుట్ట ముట్టించుకోడానికి ఆగింది. యాజులు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"ఏటి బాబూ, నాను సుట్ట ముట్టించుకుంటే మీరు నోరు అలాగ తెరిసీసినారు? ఈగలెల్తాయి, మూసీండి" అంది ఆవిడ.

"అక్బరు చావుబతుకుల్లో ఉన్నాడే! బేగి ఒక పోటు వెయ్యి!" అన్నాను. వేసింది. ఆయన సుఖంగా పోయాడు.

రోగం దొరికింది, ఇక మందు. ముందు చులాగ్గా తేలే ఉపాయమే చూశాను. ఏటికొప్పాక వెళ్ళి, లక్కబొమ్మలు చేసే సింగన్న చేత జేబులో పట్టే రోలూ రోకలీ చేయించాను. ఎర్రటి రోలు, పసుప్పచ్చ రోకలి, ముద్దొచ్చేలా ఉన్నాయి. యాజులు ఎదట కూర్చుని టుకుటుకుమని కొట్టాను. వాడి నోట రెండో ఎక్కం వచ్చింది. గట్టిగా కొట్టాను. మూడో ఎక్కం వచ్చింది. ఎంత బాదినా ఐదో ఎక్కం దాటి ఒక్క అంగుళం జరగలేదు.

"బొమ్మ రోలు కదరా, బొమ్మల చదువే వస్తోంది" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "నేను బెల్లం కొట్టుకు పోతాను. కంబళి కప్పుకుని కూర్చుంటాను."

"నోరుముయ్యి. అసలు రోలునే తీసుకుపోదాం" అన్నాను.

దేవుడమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"రోలొస్తే నాను రావాల. నానొస్తే నాకు సముద్రం సూపించాల. మా ఆడబిడ్డ ఒకపాలి సూసొచ్చీసి, ఇలాగుంటాది, అలాగుంటాదని నన్ను కాల్చుకు తింతంది. వడ్లైపోగానే నాను సముద్రానికెల్లిపోతాను. ఎవులాపినా ఆగను."

ఒప్పుకున్నాం. రోలు కొయ్యదే గాని, బండిలోకి ఎక్కించేసరికి ఒక ఎద్దు నావైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. మా రైలు స్టేషను పేరు నర్సీపట్నం రోడ్డు. పేరు చూసి ఊళ్ళోనే ఉందనుకుంటే పొరపాటు. ఊరు రోడ్డు దగ్గరే ఆగిపోయింది, స్టేషను దాకా మనమే పోవాలి.

రైల్లో టిక్కెట్టు కలెక్టరు రోలు ముందు ఆగిపోయాడు.

"ఏమిటయ్యా ఇది?"

"పుస్తకమండీ" అన్నాను.

"నాకు కళ్ళున్నాయి. ఇది రోలు. సామాను కింద టిక్కెట్టు తియ్యాలి."

"చదువుకునే కుర్రాడి పుస్తకానికి టిక్కెట్టేమిటండీ? దేవుడమ్మా, పేజీ తిప్పు."

దేవుడమ్మ లేచి కొంగు బిగించి ఒక పోటు వేసింది. పెట్టెలో జనమంతా ఒక్కసారి గాల్లోకి లేచి కూర్చున్నారు. యాజులు గోదావరి పుట్టుక దగ్గర మొదలుపెట్టి దాన్ని సముద్రంలో కలిపేదాకా ఆగలేదు. కలెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తరవాత నన్ను పక్కకు పిలిచి, "మావాడు ఐదో ఫారంలో మూడేళ్ళుగా ఉన్నాడండీ. ఈ రోళ్ళు ఎక్కడ అమ్ముతారు?" అని అడిగాడు.

విశాఖపట్నంలో పరీక్ష హాలు వెనక గోడకు ఆనుకుని అలివేలుమంగగారనే ముత్తైదువ ఇల్లు. "మీ వడ్లు ఊరికే దంచిపెడతామమ్మా" అంటే ఆవిడ కారణం కూడా అడగలేదు, బస్తా తెచ్చి ముందు పెట్టేశారు. లోపల గంట కొట్టారు. బయట దేవుడమ్మ రోకలి ఎత్తి "అహుం" అంది.

తరవాతి సంగతి యాజులు చెప్పిందే. వాడి కలం పూనకం వచ్చినట్టు ఊగింది. సిరా బుడ్డి ఖాళీ అయింది, పక్కవాడిది అడిగి తీసుకున్నాడు. నాలుగు పోట్లకొక చుక్క పెట్టాడు, ఎనిమిది పోట్లకొక పేరా మార్చాడు. మిగతా అభ్యర్థుల చేతులు కూడా పోటు పోటుకూ ఎగిరిపడి, రాజమండ్రి నుంచి వచ్చినవాడొకడు తన పేరునే మూడు వరసల్లో రాసుకున్నాడట.

కాస్సేపటికి హాలు చూసే పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ పెరటి గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏవమ్మా! ఇక్కడ పరీక్ష జరుగుతోంది!"

"ఇక్కడ భోజనాలు జరగాలి నాయనా" అన్నారు అలివేలుమంగగారు. "పది మంది తినే ఇల్లు. మీ పరీక్ష వండి పెట్టమంటారా?"

"సర్కారు పని తల్లీ, కాస్త ఆపించండి!"

"మా ఇంట్లో మా రోలు..." అని ఆవిడ రోలుకేసి చూసి, అది తనది కాదని గుర్తొచ్చి, ఇంకా గట్టిగా, "మా వడ్లు మేం దంచుకుంటే సర్కారుకేం?" అన్నారు. ఆయన చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటూ ఉండగా దేవుడమ్మ రోకలి గోడకు ఆనించింది.

"అయిపోనాయి బాబూ వడ్లు. నానెల్తన్నాను."

"అమ్మా, తల్లీ! ఆఖరి ప్రశ్న మిగిలుంటుంది! ఊకైనా దంచు!"

"ఊక దంచితే ఊకే ఒస్తాది. సముద్రం ఎటుంది? అటేనా?" అని తూర్పుగా నడిచిపోయింది. మాట మాటే మరి.

లోపల యాజులు నోరు తెరుచుకుని ఉండిపోయి ఉంటాడు. మేనమామగారి కొట్లో పీట నాకు కళ్ళ ముందు కనిపించింది. ఇక చూసుకోలేదు, పంచె ఎగ్గట్టి రోకలి నేనే అందుకున్నాను. నా పోటు దెబ్బకు విశాఖపట్నం రేవులో ఓడలు రెండు తాళ్ళు తెంచుకున్నాయి గాని, అది ఇప్పుడు అప్రస్తుతం. దరువు మాత్రం కుదరలేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. లోపల ఆఖరి ప్రశ్న ఒక వ్యాసం: "సర్కారు కొలువు ఎందుకు కోరుచున్నావు?" వాడు బట్టీ పట్టిన జవాబు ప్రజాసేవ. నా దరువుకు అది "ప్రజలు గంగానదిలో పుట్టి పన్ను కట్టి బంగాళాఖాతములో కలియుదురు" అని వచ్చింది. కొట్టేశాడు.

అప్పుడు నా రోకలి జారి నా బొటనవేలి మీద పడింది. రోకలి కొసకు తొడిగిన పొన్ను ఇనపది.

"అమ్మోయ్! చచ్చాన్రోయ్!"

ఆ కేక గోడ దాటి యాజులు చెవిలో పడింది. చిన్నప్పుడు ముక్కు మీద కందిరీగ కుట్టినప్పుడు వాడు పెట్టిన కేక సరిగ్గా అదే. బెల్లం కొట్టు గుర్తొచ్చింది. ఏ పోటూ లేకుండా, ఏ బట్టీ లేకుండా కలం దానంతటదే కదిలింది. "అయ్యా, నాకు కందిరీగలన్న మిక్కిలి భయము. ఈ కొలువు రానిచో మా మేనమామగారి బెల్లపు కొట్టులో కూర్చుండవలెను" అని మొదలుపెట్టి, కందిరీగ రూపము, గుణము, అది కుట్టు విధము, కుట్టిన పిమ్మట ముక్కు యొక్క స్థితి, అంతా రాసేశాడు. గంట కొట్టేసరికి చివరి చుక్క పెట్టాడు.

బయటికొచ్చి నా కాలి వేలు చూసి, "ఏమిట్రా ఇది?" అన్నాడు.

"నీ ప్రజాసేవ" అన్నాను.

దేవుడమ్మను ఒడ్డున పట్టుకున్నాం. నడుం మీద చేతులు పెట్టుకుని అలలకేసి చూస్తోంది.

"ఎలా ఉంది?"

"ఏటుంది బాబూ, నానొచ్చిన కాడ్నించీ పోటు మీద పోటు ఏస్తంది. ఒక్క గింజా రాల్లేదు. పని తెల్దు దీనికి" అంది. కాని తిరుగు బండిలో ఆడబిడ్డకు చెప్పడానికి మాటలు ఏరుకుంటూనే ఉంది.

యాజులు పరీక్ష ప్యాసయ్యాడు. వ్యాసం దిద్దినాయన, "ఇంత నిజం రాసినవాడు మొత్తం కట్టలో మరొకడు లేడు" అని నవ్వి మార్కులు వేశాడట. ఎవరన్నారంటారా? మొదట నేనే అన్నాను. ఆ మాట ఊరంతా తిరిగి నలుగురి నోట మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నలుగురూ అన్నాక నిజం కాకపోతుందా?

కొలువుకు ఉత్తరువు వచ్చింది. వర్ధనమ్మగారు దేవుడి ముందు దీపం పెట్టి, వీధంతా పరమాన్నం పంచారు. బెల్లంతో చేసిందని యాజులు ముట్టుకోలేదు. కొలువుకు వాణ్ణి పంపిన చోటు పాయకరావుపేటలో ఒక కచేరీ. వాడి కుర్చీ కిటికీ పక్కన వేశారు. కిటికీ తెరిస్తే చెయ్యి చాపితే అందేంత దూరంలో రామచంద్రమూర్తిగారి బెల్లం కొట్టు.

మొదటిరోజు తోడుగా నేనూ వెళ్ళాను. వాడు తలకు కండువా చుట్టి కళ్ళు మాత్రం బయట పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం ముందుంది, కలం చేతిలో ఉంది. రోలు లేదు, మాట రాలదు. పై అధికారి గడియారం చూసుకుంటున్నాడు.

అంతలో కిటికీలోంచి ఒక కందిరీగ జుమ్మంటూ వచ్చి సిరా బుడ్డి అంచు మీద వాలింది. అంతే. యాజులు కలం కాగితం మీద ఎలా పరుగెత్తిందో చూసినవాణ్ణి నేను. అది కదిలితే ఒక వాక్యం, రెక్క విదిలిస్తే ఒక పేరా. మధ్యాహ్నానికి వారం దస్తరం ఖాళీ అయిపోయింది. తొందరగా రాసేసి పారిపోదామని వాడి ఆత్రం. ఆ కచేరీలో అంత చురుకైన గుమాస్తా లేడని పేరొచ్చింది, ఆ పేరు చివరిదాకా నిలిచింది.

ఆ సాయంత్రం రామచంద్రమూర్తిగారు కిటికీ దగ్గరికి వచ్చి, మేనల్లుణ్ణి కింద నుంచి పైదాకా చూసి, చేతిలో బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు.

"ఇక్కడికి రాకుండా ఉండడానికి ఇంత చదువు చదివావుట్రా?" అన్నారు.