చేత్తో రాసిన చివరి పేజీ

నా చిన్నప్పుడు, ఇప్పుడు మ్యూజియం అంటున్న ఆ పాత మేడ మా ఊరి గ్రంథాలయం. సాయంత్రం పూట అక్కడి మాస్టారు చదువు రానివాళ్ల కోసం కథల పుస్తకం పైకి చదివేవారు. ఎండుచేపలు అమ్ముకునే మామ్మ ఒకామె గంప బయట పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప మీదే కూర్చుని వినేది. ఆమె కొడుకు చేపల వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదు.

అప్పుడు నడుస్తున్న కథ కూడా సముద్రం మీదికెళ్లిన కుర్రాడిదే. చివరి పేజీలో తెరచాప పడవ బొమ్మ ఉండేది. ఎవరూ చూడకుండా ఆ పేజీ చింపి పరికిణీ బొడ్లో దోపుకున్నాను. దొంగబుద్ధి, ఇంకేమంటాం! ఇంటికెళ్లి చదివితే, కుర్రాడు రానేలేదు. పడవ చెక్క ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

మర్నాడు మాస్టారు చదువుతూ చదువుతూ అక్కడికొచ్చి ఆగారు. నేను తల దించుకున్నాను. ఆయన ఒక్కసారి గడప వైపు చూసి, లేని పేజీని చదవడం మొదలెట్టారు.

"ఆడొచ్చీసాడేటి బాబూ?" అంది మామ్మ.

"ఒచ్చీసాడమ్మా. ఆళ్లమ్మ సేతి గంజి తాగతన్నాడు."

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుని గంప ఎత్తుకుంది. అందరూ వెళ్లాక మాస్టారు నన్నొక్కదాన్నే ఆపారు. తిట్టలేదు. తాను చెప్పిన ముగింపు నా చేత తెల్లకాగితం మీద రాయించి, పుస్తకంలో అతికించారు. "నీ దగ్గరున్నది ఎవులికీ సూపించకు తల్లీ. ఆ మామ్మ మళ్లీ సదివించుకుంటాది," అన్నారు. అలాగే బతికున్నన్నాళ్లూ చదివించుకుంది, చాలాసార్లు నా చేతే. ప్రతిసారీ అదే ప్రశ్న.

మొన్న మ్యూజియానికి వెళ్లాను. ఆ పుస్తకం అద్దాల పెట్టెలో ఉంది, సరిగ్గా నా రాత దగ్గర తెరిచి. కింద చీటీలో "అసలు పేజీ దొరకలేదు" అని ఉంది. అది నా సంచిలోనే ఉంది, ఇచ్చేద్దామనే తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే అమ్మాయిని పిలవబోతుంటే గుప్పున ఎండుచేపల వాసన వచ్చింది. గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. గడప వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఒచ్చీసాడు మామ్మా," అన్నాను, పైకే.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. గడప దాటేటప్పుడు, అక్కడెవరో కూర్చున్నట్టు, ఓ పక్కకు తప్పుకుని నడిచాను. పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. పోయినప్పుడు నాతోపాటే దాన్నీ కాల్చెయ్యమని మా అమ్మాయికి చెప్పి ఉంచాను.