చెప్పకుండా అడిగిన మాఫీ

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. సజ్దాలో నుదురు నేలకు ఆనించి ఏడ్చినప్పుడు కూడా దాని పేరు పెట్టి చెప్పలేదు. విచిత్రమేమిటంటే, ఆ బరువుకు మూలమైన వస్తువు ఒక చేత్తో ఎత్తగలిగేంత తేలిక.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అలా ఉండబట్టే ఇంత వివరంగా నోరు తెరవగలుగుతున్నాను.

నాది కడప. రియాద్ సనాయియాలో, అంటే ఊరి అంచున మెకానిక్ షెడ్లన్నీ వరసగా ఉండే పేటలో, కార్ల ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా స్పోర్ట్స్ కార్లు. చిన్నప్పుడు మదరసాలో చదివాను కాబట్టి, శుక్రవారాలు రియాద్ నడిబొడ్డున బతాలో మనవాళ్లు ఉండే ఒక గదిలో దర్స్ చెబుతాను. దైవవాక్యం చదివి, అర్థం చెప్పి, అడిగినవాటికి తెలిసినంత జవాబిస్తాను. షెడ్డులో అందరూ నన్ను షేక్ అంటారు. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగినదానిలో ఆ పిలుపుకూ భాగం ఉంది.

ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ అంటే అంతవరకు నాకు తెలిసింది సీసం బ్యాటరీయే. పొట్టకు ఆనించుకుని, నడుం వంచి మోయాలి. యాసిడ్ చుక్క పడితే చొక్కాకు చిల్లు. ఒకరోజు ఒక సౌదీ యువకుడు తన కారులో పెట్టమని లిథియం బ్యాటరీ తెచ్చాడు. బండి ఎంత తేలిగ్గా ఉంటే అభా కొండ మలుపుల్లో అంత చక్కగా తిరుగుతుందని అతని నమ్మకం. అప్పటికే సీట్లు మార్పించాడు. ఇప్పుడు బ్యాటరీ వంతు.

దాన్ని చేతిలోకి తీసుకుని, ఖాళీ డబ్బా ఇచ్చాడేమో అనుకున్నాను. ఊపి చూశాను, లోపల నీళ్ల చప్పుడు లేదు. వాసన చూశాను, ఏ వాసనా లేదు. ఇంత చిన్నది అంత ఇంజన్ను తిప్పుతుందా? బిగించి తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క అరుపుతో లేచింది. నాకు నవ్వొచ్చింది. సుభానల్లా అన్నాను. సృష్టికర్త మట్టిలో ఏమేం దాచిపెట్టాడో, మనిషి ఎప్పుడెప్పుడు తవ్వుకుంటున్నాడో అని ఆ రోజంతా అదే ఆలోచన.

ఎండాకాలంలో ఆ యువకుడు కారును మా షెడ్డులో వదిలి విదేశానికి వెళ్లాడు. కారు కదలకుండా నిలబడి ఉన్నా దొంగల అలారం, ట్రాకర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఒక మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే సున్నా చూపించింది. సీసం బ్యాటరీ ఎంత చచ్చినా కొంచెం ఊపిరి మిగిలే ఉంటుంది. ఇది మాత్రం పూర్తిగా సున్నా. అది చావడం కాదని తర్వాత తెలిసింది. లోపలి సెల్స్ పాడైపోకముందే, వాటిని కాపాడే సర్క్యూట్ ఒకటి తనంతట తాను తలుపు మూసుకుంటుంది. దానికి తగిన చార్జర్ పెడితే మళ్లీ తెరుచుకుంటుంది.

తర్వాత తెలిసింది అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. దీనికి రిపేర్ చార్జింగ్ పెట్టకూడదని బ్యాటరీ మీద అంటించిన కాగితంలో ఉంది. బిగించిన రోజే చదివాను. అర్థమయింది కూడా.

తగిన చార్జర్ మేనేజరు బీరువాలో ఉంది. ఆయన సిరియా మనిషి. ఆ సమయానికి బయటికి వెళ్లాడు, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత వస్తాడు. నా ఎదురుగా చక్రాల మీద తోసుకెళ్లే మా పాత చార్జర్ ఉంది. దానికి ఒక గుండ్రటి మీట. ఒక వైపు మామూలు చార్జింగ్, ఇంకోవైపు రిపేర్. రిపేర్ మీద పెడితే గట్టి దెబ్బల్లా కరెంటు వెళ్లి, మొండి సీసం బ్యాటరీలు కూడా లేస్తాయి. కడపలో నాకు పని నేర్పిన ఉస్తాద్ అనేవాడు: "పండుకున్నదాన్ని తంతేనే లేస్చాది."

మీటను రిపేర్ వైపు తిప్పాను.

ఎందుకు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. తొందర లేదు, కారు యజమాని దేశంలోనే లేడు. నాకు తెలియనిది ఏముంటుందిలే అన్న అహంకారం ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ దానికంటే ఎక్కువగా, ఏం చేస్తుందో చూడాలనిపించింది. అంతే. వద్దని రాసి ఉన్నచోట వేలు పెట్టి చూడాలన్న ఆ కుతూహలం పాపమా? కుతూహలం లేకపోతే నేను ఈ పని నేర్చుకునేవాణ్నే కాదు. దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ పాపం సంగతి అలా ఉంచుదాం. నేను మోస్తున్నది దాన్ని కాదు.

అంతలో అజాన్ వినిపించింది. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నమాజు వేళకు షట్టరు సగం దించి ముస్లింలమంతా మసీదుకు వెళతాం. వేరే మతంవాళ్లు లోపల కాపలా ఉంటారు. ఆ రోజు ఉన్నది మల్లేశ్ ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి. కార్లు కడిగే పనికి వచ్చాడు. ఇకామా మీద, అంటే ఇక్కడి నివాస కార్డు మీద కూడా, క్లీనర్ అనే ఉంటుంది. కానీ నా పక్కన నిలబడి, చూసి చూసి వైరింగు నేర్చుకున్నాడు. వేలితో తడిమి తెగిన తీగను పట్టేవాడు. మేనేజరు ముచ్చటపడి, ఇకామా మీద అతని మిహ్నా, అంటే వృత్తి, ఎలక్ట్రీషియన్‌గా మార్పిస్తానన్నాడు. అది మారితే జీతమే కాదు, మనిషే మారతాడు. ఊరికి వెళ్లి సొంతంగా షాపు పెట్టుకోవచ్చు. మల్లేశ్ ఆ మాట మీదే బతుకుతున్నాడు.

నేను నమాజు ముగించుకుని వచ్చేసరికి షెడ్డులో ఘాటైన, కొంచెం తియ్యటి వాసన. బ్యాటరీ పొట్ట ఉబ్బి, పగిలి, తెల్లటి పొగ వదులుతోంది. మల్లేశ్ అప్పటికే మీట ఆపేసి, క్లిప్పులు పీకేసి, తడి గోనె పట్టుకుని నిలబడ్డాడు. కారు కాలిపోలేదంటే అతని వల్లే. కారు కంప్యూటరు మాత్రం పోయింది. నా వెనకాలే మేనేజరు వచ్చాడు. చార్జర్ దేని మీద పెట్టావని నన్నే అడిగాడు.

"మామూలు దాని మీదే పెట్టి నమాజుకు పోయినాను" అన్నాను.

ఆ వాక్యంలో సగం నిజం. నమాజుకు వెళ్లిన మాట నిజం. ఆ నిజాన్ని అబద్ధం పక్కన నిలబెట్టాను, దానికి సాక్షిగా. మేనేజరు ఇంకేమీ అడగలేదు. షేక్ మాట, అందులోనూ మసీదు నుంచి అప్పుడే వచ్చినవాడి మాట. ఎవరు అడుగుతారు? ఆయన మల్లేశ్ వైపు తిరిగాడు.

మల్లేశ్ తనంతట తానే చెప్పాడు. నీళ్ల పైపుకు అడ్డమొస్తే చార్జర్ను కొంచెం పక్కకు తోశాడట. ఆ మాట చెప్పి నా వైపు చూశాడు.

"నా చెయ్యి తాకి తిరిగిందో ఏమో భాయ్. నాకైతే యాదికి లేదు."

అతను నన్ను అనుమానించలేదు. తనను తాను అనుమానించుకున్నాడు. నేను నోరు తెరవడానికి అదే సమయం. న్యాయం కోసం మీకు వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పండి అన్న దైవాజ్ఞ మీద అంతకు కొద్ది వారాల ముందే దర్స్ చెప్పాను. గొంతు పెంచి చెప్పాను. ఆ రోజు మాత్రం వంగి, నేల మీది క్లిప్పులు తీసి చుట్టడం మొదలుపెట్టాను.

మిహ్నా మార్పు ఆగిపోయింది. మల్లేశ్‌ను మా యజమానికి అభాలో ఉన్న ఇంకో షెడ్డుకు, మళ్లీ కార్లు కడగడానికే పంపారు. కొన్నేళ్లకు అతను సౌదీ వదిలి ఊరికి వెళ్లిపోయాడు.

నేను ఆ బ్యాటరీని వదల్లేదు. చదివాను, అడిగాను, పగిలినదాన్ని విప్పి చూశాను. లోపల ఎంత పొందిక! దర్స్‌లో దాన్ని ఉపమానంగా కూడా చెప్పాను. విశ్వాసి మనసు ఇలాంటిదే, పూర్తిగా పాడుకాకముందే తలుపు మూసుకుంటుంది, అది చచ్చిందనుకుని తన్నకండి అన్నాను. అందరికీ నచ్చింది. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. తన్నింది ఎవరో చెప్పలేదు.

నాలో నేను వాదించుకున్నాను. నీ పాపం మీద దేవుడు కప్పిన తెరను నువ్వే తీయకు అని మాకు బోధ. ఎంత చల్లటి మాట! దాని కింద ఏళ్ల తరబడి పడుకున్నాను. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసినదాన్ని ఆ మనిషి దగ్గరే క్షమింపజేసుకోవాలన్న రెండో బోధ కూడా నాకు తెలుసు. ఎదుటివాళ్లకు రెండోది చెప్పాను. నాకు నేను మొదటిది చెప్పుకున్నాను.

తర్వాత హజ్ చేసే భాగ్యం కలిగింది. బయల్దేరే ముందు తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి, అన్నదీ విన్నదీ మాఫ్ చేయమని అడగడం మా ఆనవాయితీ. వరసగా అందరికీ చేస్తూ, నంబరు సంపాదించి మల్లేశ్‌కు కూడా చేశాను. అందరికీ చెప్పిన మాటే అతనికీ చెప్పాను. తెలిసీ తెలియక నీ పట్ల ఏమన్నా తప్పు చేసి ఉంటే మాఫ్ చెయ్యి అన్నాను. అతను నవ్వాడు. నువ్వు నాకేం చేశావు, పని నేర్పావు, పోయి నా పేరున కూడా ఒక దండం పెట్టు అన్నాడు. మాఫ్ అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో! నేను హాజీనై తిరిగొచ్చాను.

కానీ అది మాఫీయేనా? ఏం ఇస్తున్నాడో తెలియనివాడి చేతిలోంచి తీసుకున్నదాన్ని ఏమంటారు?

ఈ మధ్య దర్స్‌లో ఒకతను అచ్చం ఇదే అడిగాడు. తన ఇంటి గొడవేదో అతనిది. తప్పేమిటో చెప్పకుండా అడిగిన మాఫీ చెల్లుతుందా అని. పండితులు రెండు రకాలుగా చెప్పారన్నాను. నువ్వేమంటావు హాజీ సాబ్ అన్నాడు. వచ్చే వారం చెబుతానన్నాను.

మరునాడే మల్లేశ్‌కు ఫోన్ చేశాను. ఊళ్లో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. పలకరింపులు సాగనివ్వలేదు.

"మల్లేశూ, ఆ పొద్దు చార్జర్ రిపేర్ మీద పెట్టింది నేనే. నీ చెయ్యి తాకలేదు. మేనేజరుకు అబద్ధం చెప్పినాను."

అవతల ఆటో ఇంజన్ చప్పుడు. అది ఆగింది.

"నా చెయ్యి తాకలేదా?"

"లేదప్పా."

"మంచిగ యాదికుందా నీకు?"

"ఉంది. తెలిసే తిప్పినాను."



"ఇంట్ల కరెంటు బుగ్గ పోతే నేను ముట్ట భాయ్ గిన్నేండ్ల సంది. నా చెయ్యి మంచిది కాదనుకున్న. నా పెండ్లాం స్టూలెక్కి వెడ్తది. మొగోనివి, బుగ్గకు భయపడ్తవా అని నవ్వుతది."

మేనేజరు ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు. ఉద్యోగం మాని వెళ్లిపోయాడని, జాడ తెలియదని చెప్పాను. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లలో మిగిలినవాళ్లకు చెబుతానన్నాను. ఊ అన్నాడు. తర్వాత నేను ఊహించనిది అడిగాడు. అంటే ఆ బ్యాటరీ అప్పుడు చచ్చిపోలేదా అని. లేదు, తలుపు మూసుకుందంతే అన్నాను. మరి ఎలా తెరుస్తారు అన్నాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, వెనకటిలాగా. వినడం అయ్యాక గొంతు మారింది.

"హజ్‌కు వోయెటప్పుడు మాఫీ ఇచ్చిన గదా. గది వాపస్."

"సరే" అన్నాను.

"మల్ల ఎప్పుడిస్తవని ఫోన్లు జెయ్యకు."

"చెయ్యను."

ఫోన్ పెట్టేశాడు. నేను మంచం అంచున అలాగే కూర్చున్నాను. భయం ఉంది. దేవుడు మనుషుల హక్కులు తేల్చే రోజున అతను నా చొక్కా పట్టుకుంటే నా తరఫున చెప్పడానికి ఏమీ లేదు. అయినా ఛాతీలో ఎక్కడో గాలి ఆడింది. ఎందుకో తెలియదు. బహుశా అతని దగ్గర ఉండాల్సిన కోపం ఇన్నాళ్లకు అతని దగ్గరికి చేరినందుకేమో.

ఈ శుక్రవారం, ఆ ప్రశ్న అడిగినతను వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చెల్లదని చెప్పాను. ఎలా తెలుసని అడిగాడు. చెప్పాను.