దొరకని గోధుమరంగు సంచి

బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులన్నీ చేరే గదిలో ఆవిడకు ఉద్యోగం. కౌంటరు వెనక ఇనుప అరలు, వాటి నిండా నంబర్లు వేసి కట్టిన మూటలు. వచ్చిన ప్రతి వస్తువు రకం, రంగు కంప్యూటర్లో ఎక్కించాలి. ఎవరైనా వచ్చి అడిగితే రంగు కొట్టి వెతకాలి. ఆ రంగువి మాత్రమే తెర మీద మిగులుతాయి. చెప్పుకోవడానికి అంత సులువైన పని.

ఆ సులువే, మామగారి సంచి పోయినప్పుడు, ఆవిడ ప్రాణం తోడేసింది. బస్సు దిగే హడావిడిలో ఆయన గోధుమరంగు చేతిసంచి సీట్లోనే వదిలేశారు. చెవి మిషను అందులోనే ఉంది. ఎక్కిన బస్సేదో గుర్తులేదు. అయినా కోడలు పనిచేసే చోటికేగా చేరేదని నిశ్చింతగా ఇంటికొచ్చారు.

ఆవిడ 'గోధుమ' అని వెతికింది. లేదు. రెండో షిఫ్టు కుర్రాడు తోచినట్టు రాస్తాడని తెలుసు కనుక 'బ్రౌన్' అనీ, 'కాఫీ' అనీ వెతికింది. బూట్లొచ్చాయి, బెల్టులొచ్చాయి, సంచి రాలేదు. నంబరు తెలియకుండా మూటలు విప్పడానికి సూపర్‌వైజరు ఒప్పుకోడు. ఇంట్లో మామగారితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. కూరలో ఉప్పు చాలిందా అని అడిగితే ఆయన గడియారం చూసి టైము చెప్పేవారు. పైగా మొగుడి సన్నాయినొక్కులు: "ఊళ్లోవాళ్ల గొడుగులన్నీ దొరుకుతాయి, మా నాన్న సంచి తప్ప."

చివరికి విసుగెత్తి, రంగు సంగతి వదిలేసి, 'సంచి' అన్న రకం ఒక్కటే కొట్టింది. కుప్పతెప్పలుగా వచ్చాయి. అన్నం మానేసి ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివింది. కళ్లు కాయలు కాశాక కనిపించింది: చేతిసంచి, లోపల చెవి మిషను, రంగు బ్రౌన్. మళ్లీ 'బ్రౌన్' అని వెతికితే అది మాత్రం రాదు. ఆ గడిలోకి వెళ్లి చూస్తే, మాటకు ముందు స్పేస్ బార్ నొక్కితే పడే ఒక ఖాళీ. మనిషి కంటికి ఆనదు, కంప్యూటరుకు మాత్రం అది వేరే మాట.

కుర్రాణ్ణి నిలదీసింది. "ఖాళీయే కదక్కా, ఏమీ రాయలేదుగా," అన్నాడు వాడు, నిజంగానే అర్థంకాక. ఆవిడకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం మామగారు మిషను చెవికి పెట్టుకుని కోడలివైపు చూశారు. "నువ్వు సరిగ్గా వెతకట్లేదని మా అబ్బాయి రోజూ అనేవాడనుకుంటా. నేను వినిపించుకోలేదులేమ్మా."

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

రంగులు టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా మార్చమని అడిగితే, రాసివ్వమన్నాడు సూపర్‌వైజరు. రాసిచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడు పొద్దున్నే సీట్లో కూర్చోగానే ఆవిడ చేసే మొదటి పని, ముందురోజు ఆ కుర్రాడు ఎక్కించిన రంగుల ముందు ఖాళీలు చెరపడం. స్పేస్ బార్ మీద వాడి బొటనవేలు ఊరుకోదు, ఈవిడ తిట్లూ ఆగవు.