రమాకాంత్ సేటు తాళం సిద్ధాంతం

జనగామలో బెల్లం, చింతపండు టోకుగా అమ్మే రమాకాంత్ సేటు జీవితంలో ఒకే ఒక్క సిద్ధాంతం కనిపెట్టాడు. అది మొట్టమొదట ఆయన్నే మింగింది. ఊరు ఆ సంగతి చెప్పుకొని నవ్వకముందే తానే చెప్పుకొని నవ్వడం మేలని ఆయన త్వరగానే గ్రహించాడు. అందుకే ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా, బెల్లం దిమ్మ కాటా మీద పెట్టి, "మన చరిత్ర ఇన్నవా?" అని మొదలుపెడతాడు. వినకుండా బెల్లం మాత్రమే కొనుక్కుపోవడం సాధ్యం కాదు.

చరిత్ర ఆయన తల్లి అండాలమ్మ మరణంతో ప్రారంభమవుతుంది. ఎనభై ఆరేళ్లు నిండుగా బతికి, శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయింది. అంత చక్కటి మరణానికి ఎవరూ వంక పెట్టలేదు, పంతులు తప్ప. ఆయన పంచాంగం తిరగేసి, కళ్లజోడు సర్దుకొని, "ధనిష్ఠ" అన్నాడు. ధనిష్ఠా నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంటిని ఆరు నెలలు విడిచిపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గడప తొక్కకూడదు; తొక్కితే ఆ ఇంట్లో మరో చావు తప్పదంటారు. దేవుడి విషయంలో సందేహాలున్నవాళ్లకు కూడా ధనిష్ఠ విషయంలో సందేహాలుండవు. పరీక్ష చేసి చూద్దామన్న ధైర్యవంతుడు జనగామలో ఇంకా పుట్టలేదు.

రమాకాంత్ ఇంటికి తాళం వేసి, భార్య పుష్పను వెంటబెట్టుకొని లింగాల ఘనపూర్‌లోని బావమరిది అమర్ ఇంటికి చేరాడు. పొద్దున బస్సులో దుకాణానికి రావడం, పొద్దుగూకాక తిరిగిపోవడం. బావమరిది ఇంట్లో బావకు మర్యాద ఎంతకాలం నిలుస్తుందో ఆయన స్వయంగా లెక్కగట్టాడు: రెండు నెలల పది రోజులు. ఆ తర్వాత టీ అడిగితేనే వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓటర్ల జాబితా సవరణ వచ్చింది.

రమాకాంత్ ముప్పై ఏళ్లుగా పార్టీకి జెండా మోశాడు. ఇది మాట వరసకు అన్నది కాదు. ఊరేగింపుల్లో ఆయన చేతికి నిజంగా జెండానే ఇచ్చేవారు, మైకు ఎన్నడూ ఇవ్వలేదు. ఈసారి మాత్రం వార్డు కౌన్సిలర్ టికెట్ ఆయనదేనని పెద్దలు మాట ఇచ్చారు. దానికి ముందు చిన్న పని ఒకటి అప్పజెప్పారు. బూత్‌కు పార్టీ తరఫు ఏజెంటుగా ఉండి, జాబితాలో ఉండకూడని పేర్లను తీయించాలి. పేరు తీసెయ్యమని అభ్యంతరం చెప్పే కాగితాన్ని ఫారం ఏడు అంటారు. రమాకాంత్ ఆ ఫారాలు ఒక కట్ట, ఒక ఎర్ర పెన్ను తెచ్చుకొని, ప్రజాస్వామ్య ప్రక్షాళనకు కూర్చున్నాడు.

ఆ బూత్‌లో ఇల్లిల్లూ తిరిగే బాధ్యత అంగన్‌వాడీ టీచర్ రజితది. పొద్దున పిల్లలకు గుడ్లు, మధ్యాహ్నం ఓటర్లకు ఫారాలు పంచే మనిషి. తాళం కనబడిన ఇంటి ముందు ఆమె కాసేపు నిలబడి, "కూలికి పోయినట్టున్నరు, వస్తరు" అనుకొని ముందుకు సాగేది. రమాకాంత్‌కు ఆ మెతకదనం నచ్చలేదు.

"వస్తరు అంటే ఇప్పుడు లేరనే కద టీచర్?"

"పత్తి ఏర పోయిన్రు సేట్. సంక్రాంతి ఎల్లినంక అందరు ఈడనే ఉంటరు."

"గట్లయితే సంక్రాంతికి రాసుకుందురు. నేను జెప్తున్న ఇనుండ్రి. మూడుసార్లు పోయినా తాళమే ఉన్నదంటే మనిషి లేనట్టే. ఆరేసిన బట్టలు లేని ఇంట్ల ఓటరు ఉండడు. పొయ్యి వెలుగనిది ఇల్లే కాదు టీచర్, అది గోడౌన్."

ఇదే తాళం సిద్ధాంతం. దీనికి అనుబంధ సూత్రం కూడా ఒకటి ఉంది. "పేర్లు రాస్తే మీకు మొహాలు యాదికొస్తయి. మొహం యాదికొస్తే మనసు కరుగుతది. ఉత్త ఇంటి నంబర్లు రాయుండ్రి, సాలు."

ఆ విధంగా ఒక్క పూటలో నలభై ఒక్క ఇళ్లకు ఫారాలు నింపాడు. వాటిలో ఒకటి తన ఇంటికి ఎదురుగా ఉండే సాలమ్మది. అరవై దాటిన ఆమె కూలీల ముఠాతో కలిసి భూపాలపల్లి దిక్కు పత్తి ఏరడానికి పోయింది. ఏటా పోతుంది, ఏటా వస్తుంది. ఆ సంగతి రమాకాంత్‌కు తెలుసు. పోయిన ఎన్నికల్లో ఆమె ఎవరికి వేసిందో కూడా తనకు తెలుసనుకున్నాడు. కనుక కారణం రాయాల్సిన చోట ఎర్ర పెన్నుతో "శాశ్వతంగా వెళ్లిపోయినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. చిన్నప్పటి నుంచీ ఆయన దస్తూరి బాగుంటుందని పేరు.

కొన్నాళ్లకు రజిత తాళాల ఇళ్ల జాబితా పట్టుకొని దుకాణానికి వచ్చింది. చింతపండులో గింజలున్నాయని ఒక గిరాకీ లొల్లి పెడుతోంది. రమాకాంత్ గిరాకీ వైపు చూస్తూనే జాబితా అందుకున్నాడు. నలభై రెండు నంబర్లున్నాయి. తాను ఇచ్చిన వాటికి ఒకటి ఎక్కువ. టీచర్‌కు కూడా హుషారు వచ్చిందని ముచ్చటపడి, ఏజెంటు సంతకం పెట్టి, చింతపండు లొల్లిలోకి తిరిగి వెళ్లాడు.

ఆ తర్వాత ఒకరోజు తన వీధి మీదుగా పోతూ, దూరం నుంచి తన ఇంటి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండటం చూశాడు. దగ్గరకు పోదామంటే నక్షత్రం. ఏదో కోచింగ్ సెంటర్ వాళ్ల ప్రకటన అయ్యుంటుందని, వాళ్ల దౌర్జన్యాన్ని మనసులోనే ఖండించి ముందుకు నడిచాడు.

జనవరిలో బడి గోడ మీద జాబితా అంటించారు. రమాకాంత్ ఎర్ర పెన్ను జేబులో పెట్టుకొని, కౌన్సిలర్‌కు తగ్గ నడకతో వెళ్లాడు. తన ఇంటి నంబరు వెతికాడు. ఆ నంబరు కింద రమాకాంత్ లేడు. పుష్ప లేదు. అండాలమ్మ మాత్రం, ఫొటోలో ఒకింత విసుగ్గా చూస్తూ, ఒక్కతే ఉంది. ఇల్లు ఖాళీ చేయించిన మనిషి జాబితాలో ఉంది. ఖాళీ చేసినవాళ్లు లేరు.

నామినేషన్లకు ఆఖరి తేదీ జనవరి ముప్పై. ఆ లోపల ఓటరు కాకపోతే అభ్యర్థీ కాడు. రమాకాంత్ ఆ వయసులో, ఆ పొట్టతో, అంగన్‌వాడీ దాకా పరుగెత్తాడు.

"నా పేరేది టీచర్?"

రజిత పిల్లలకు గుడ్ల పొట్టు తీస్తోంది. "మూడుసార్లు పోయిన సేట్. తాళమే ఉన్నది."

"దుకాణంల రోజు నీ కండ్ల ముంగట్నే ఉంటి గద!"

"దుకాణంల ఓటుండది, ఇంట్ల ఉంటది. బట్టలు ఆరేసి లెవ్వు, పొయ్యి వెలుగుత లేదు. గోడౌన్ అనుకున్న. మీరే జెప్పిన్రు గద."

"మరి నోటీసియ్యాలె గద!"

"తలుపుకు అంటిచ్చిన. వారం దినాలున్నది. అసలు జాబితల మీ నంబరు రాసి మీకే జూపెడితి. సంతకం జేస్తిరి. మీ ఇంటి నంబరు మీకే తెల్వదని నాకేమెరుక?"

రమాకాంత్ పిల్లల బల్ల మీద కూర్చున్నాడు. అది చాలా చిన్న బల్ల. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. "మరి మా అవ్వ పేరెట్లున్నది?"

"సచ్చిపోయినామెను ఊరు మారిందని ఎట్ల రాయాలె? అబద్ధమైతది. సచ్చిపోయిందని రాద్దామంటే మీరు సర్టిఫికెట్ ఇయ్యకపోతిరి. సచ్చినోళ్లకు కాగితం గావాలె సేట్, బతికున్నోళ్లకు తాళం సాలు."

"అయితే ఇప్పుడే ఇస్త. అవ్వ పేరు తీసెయ్యిండ్రి."

"మీరెట్ల ఇస్తరు? అభ్యంతరం ఓటరే ఇయ్యాలె. మీరు ఓటరు కాదు గద."

పేరు మళ్లీ చేర్చమని అడిగే కాగితం ఫారం ఆరు. దాన్ని ఇస్తే రజిత ఇంటికొచ్చి, మనిషి అక్కడే ఉంటున్నాడని చూసి రాసుకోవాలి. ధనిష్ఠ గడువు తీరేది ఫిబ్రవరి పదిహేనున. ప్రభుత్వానికీ నక్షత్రానికీ మధ్య పదహారు రోజుల తేడా వచ్చింది. లింగాల ఘనపూర్‌లో రాయించుకోవచ్చని రజిత సలహా ఇచ్చింది. కానీ ఘనపూర్‌లో ఓటున్నవాడు జనగామ వార్డుకు నిలబడలేడు. పంతులును ఆశ్రయిస్తే, "నక్షత్రానికి ఎన్నికల కోడ్ వర్తించది సేట్" అన్నాడు. ఇక పుష్ప తీర్పు మరింత స్పష్టంగా ఉంది.

"గడువు తీరకముందు ఆ గడప తొక్కిన్రనుకో, ఇంకొకల పేరు నిజంగనే తీయాల్సొస్తది. ఊరందరి పేర్లు గీకి పెడితిరి. మీదొక్కటి ఉంచుమంటే ఎట్లుంటది?"

అప్పుడు రమాకాంత్ ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. చెప్పిన రోజున తన ఇంటి ప్రహరీ బయట, వీధిలో, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. గేటు మీద రెండు అంగీలు, ఒక లుంగీ, ఒక తువ్వాల ఆరేశాడు. ఆరినవే తెచ్చి, మళ్లీ తడిపి మరీ ఆరేశాడు. పక్కన రాయి మీద చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. సిద్ధాంతానికి కావలసిన లక్షణాలన్నీ సమకూరాయి, ఇల్లొక్కటి తప్ప. మోటారు సైకిలు మీద పోతున్న ఇద్దరు ఆగి, "అన్నా, రెండు చాయ్" అన్నారు. ఎవరి ఓటు ఎటు పోతుందో అని, ఆయన పోసి ఇచ్చాడు.

రజిత వచ్చి ఆ ప్రదర్శనను తీరిగ్గా చూసింది. "ఇవన్ని ఇంటి ముంగటున్నయి సేట్, ఇంట్ల లెవ్వు. ఒక పని జేద్దం. మీరీడనే ఉంటరని పొరుగోళ్లెవరన్న జెప్తే రాస్త. కాని వాళ్లు ఓటరై ఉండాలె."

కుడి పక్కది ఎరువుల గోడౌన్. ఎడమ పక్క ఇంటికి తాళం, అది కూడా ఆయన నలభై ఒకటిలోనిదే. ఎదురింటి తలుపు తెరుచుకొని సాలమ్మ బయటికి వచ్చింది. పత్తి పని ముగించి రెండు రోజుల కిందటే ఊరు చేరింది.

"ఏంది సేటు, హోటలు వెట్టినవా?"

"సాలమ్మ, జర టీచర్‌కు జెప్పు. నేను ఈడ ఉంటనా, ఉండనా?"

సాలమ్మ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత గేటు మీది లుంగీని చూసింది.

"నేనెట్ల జెప్త సేటు? నేనే ఈడ లేను గద! శాశ్వతంగ పోయిన్నట. గోడ మీద పేరు లేకుంటే మా మనుమరాలు ఆఫీసుకు వోయి అడిగొచ్చింది. ఎర్ర పెన్నుతోని మస్తుగ రాసిన్రట. లేని మనిషి సాక్షెం సెల్లుతదా టీచరమ్మ?"

"సెల్లది అవ్వా."

రమాకాంత్ టీ గిన్నె వైపు చూశాడు. టీ పొంగి పొయ్యి మీద పడింది.

"పత్తికి వోతే ఇల్లు నెత్తిన వెట్టుకొని వోవాల్నా సేటు?" సాలమ్మ గొంతు పెంచలేదు. "ఐదేండ్లకొకసారి ఓటుకాడికొచ్చినప్పుడు 'అవ్వా బాగున్నవా' అంటరు. నన్ను గట్ల అడిగేటోళ్లు ఇంకెవ్వరు లేరు. గా ఒక్క మాట గూడ తీసేస్తివి."

కౌన్సిలర్ కావలసిన మనిషి లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. మిగిలిన టీ పోశాడు. "సక్కెర ఇంకింతెయ్యి" అంది ఆమె, కూర్చుంటూ. రమాకాంత్ గోడకు కాగితం ఆనించి సాలమ్మ పేరు మీద ఫారం ఆరు నింపడం మొదలుపెట్టాడు. జేబులోంచి అలవాటుగా ఎర్ర పెన్ను తీశాడు. రజిత తన నీలం పెన్ను అందించింది.

"బాగున్నవా సాలమ్మ?" అన్నాడు, వేలిముద్ర వేయించేటప్పుడు.

"ఇప్పుడడుగుతున్నవా!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకు రమాకాంత్‌కు కూడా నవ్వొచ్చింది. వీధిలో, పొంగిన టీ ముందు, ఆరినా మళ్లీ తడిపిన లుంగీ కింద నిలబడి ఉన్న తనను చూసుకొని చాలాసేపు నవ్వాడు. తనను చూసి తాను నవ్వుకోవడం అదే మొదలు.

తర్వాతి వారమంతా దుకాణం పుష్పకు అప్పగించి, తాను తీయించిన ఇళ్లన్నీ తిరిగాడు. ముప్పై మూడు ఇళ్లవాళ్లు దొరికారు, ఫారాలు నింపించాడు. ఆరిళ్లవాళ్లు నిజంగానే ఊరు విడిచిపోయారు. రెండిళ్లలో ఒంటరిగా బతికిన ముసలివాళ్లు నిజంగానే చనిపోయారు. ఆ ఎనిమిది ఇళ్ల విషయంలో తాను నిర్దోషినని ఇప్పటికీ సగర్వంగా చెప్పుకుంటాడు. కొందరు ఆయన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చారు. కొందరు గడప బయటే నిలబెట్టి తిట్టారు. గడప బయట నిలబడటం ఆయనకు అప్పటికే బాగా అలవాటైంది.

మళ్లీ చేర్చే పేర్లన్నిటి మీదా అభ్యంతరాలకు వారం గడువిచ్చి, అనుబంధ జాబితా ఫిబ్రవరి రెండున వచ్చింది. అందులో సాలమ్మ, మళ్లీ ఓటరైన ఆమె చెప్పిన సాక్ష్యంతో ఆమె కిందనే రమాకాంత్, ఆ కింద పుష్ప. నామినేషన్లు మూడు రోజుల కిందటే ముగిశాయి. టికెట్ సురేందర్‌కు పోయింది. సురేందర్‌ది పదకొండు మంది ఉమ్మడి కుటుంబం. ఆ ఇంట్లో తాళం ఎక్కడుందో వాళ్లకే తెలియదు. ఊరేగింపులో రమాకాంత్ చేతికి మళ్లీ జెండా ఇచ్చారు. పుచ్చుకున్నాడు. పోలింగు రోజు వరుసలో సాలమ్మ వెనక నిలబడ్డాడు. "జర దూరం నిలవడు సేటు, మల్లేమన్న గీకుతవు" అని ఆమె అందరికీ వినబడేలా అంది.

ఫిబ్రవరి పదిహేను దాటాక, పంతులు శాంతి చేసి తలుపు తీయించాడు. పుష్ప పొయ్యి వెలిగించి పాలు పొంగించింది. సాయంత్రం రమాకాంత్ మరణ ధ్రువపత్రం పక్కన పెట్టుకొని, తల్లి పేరు మీద ఫారం ఏడు తీశాడు. ఇప్పుడు తాను ఓటరు. అభ్యంతరం చెప్పే హక్కు పూర్తిగా ఉంది. ఒక్క పూటలో నలభై ఒకటి నింపిన చెయ్యి నలభై రెండోదాని దగ్గర కదల్లేదు. కారణం అన్న చోట ఒక్క మాట రాస్తే చాలు.

రాసేముందు లేచి తల్లి గదిలోకి పోయి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ పోయి చూశాడు. "ఏం వెతుకుతున్నరు?" అని వంటింట్లోంచి పుష్ప అడిగింది. ఆయన మూడోసారి కూడా పోయి, మంచం మీద చెయ్యి పెట్టి చూసి వచ్చాడు.

అప్పుడు నీలం పెన్నుతో సంతకం పెట్టాడు.